‘తగ్గుట’ అనే మాట

మన తెలుగులో రోగము పోవుటకును, ఒక వస్తువు కొంచెమగుటకును ఒకే మాట ఉన్నది. జ్వరము తగ్గినదంటే జ్వరము పోయినదని అర్థము. నూలు ధర తగ్గినదంటే ధర పూర్తిగా పోయినదని ఎవరును అనుకొనరు; నిన్నటికంటె నేడు కొంత తక్కువైనదని మాత్రమే అనుకొంటారు. ఈ రెండర్థములకు నడుమ ఎంత ఎడమున్నదో మాకు చాలకాలము తెలియలేదు. ఆ ఎడములో మా కుటుంబము ఐదేండ్లు నిలువవలసి వచ్చినది. ఆ ఐదేండ్లలో మేము నేర్చినది, నేర్చుటకు ముందు చేసిన తప్పు, రెండును ఈ సంచికను చదివే కుటుంబములకు చెప్పదలచినాము.

మా వంశము కరీంనగరు ప్రాంతమునుండి షోలాపూరు వచ్చి నాలుగు తరములైనది. ఇంట తెలుగు, బజారున మరాఠీ. మగవారు మగ్గముల మీద దుప్పట్లు నేసినారు. ఆడవారు ఇంటి అరుగు మీద బీడీలు చుట్టినారు. ఇక్కడి పద్మశాలి కుటుంబములన్నిటివలెనే మాకును శ్రావణ పౌర్ణమినాటి మార్కండేయ మహర్షి రథోత్సవము ఏడాదిలో పెద్ద పండుగ. మా పెద్దనాయన ప్రతి ఏడును రథము బయలుదేరిన చోటునుండి తిరిగి గుడి చేరువరకు వెంట నడిచేవాడు. 2011లో మాత్రము సగము దారిలోనే ఒక దుకాణము మెట్టు మీద కూర్చుండిపోయినాడు. అప్పటికి ఆయనకు అరువది నాలుగేండ్లు. అంతకు ముందు కొన్ని నెలలుగా పొడిదగ్గు ఉండినది. మగ్గాల దుమ్ము అని మేమందరము దానిని తేలికగా తీసివేసినాము.

ప్రత్తి దుమ్మువలన నేతవారికి ఊపిరి పట్టుట నిజమే. కాని ఆ జబ్బు గాలి గొట్టములకు సంబంధించినది. పెద్దనాయనకు వచ్చినది వేరు. అది మాకు తెలియుటకు రెండేండ్లు పట్టినది. మొదటి వైద్యుడు ఎక్స్‌రేలో నీడలు చూచి క్షయ అన్నాడు. కఫములో క్రిమి కనబడలేదు. అయినను ఆరు నెలలు క్షయ మందులు మింగించినారు. మన దేశములో క్షయ అంత విరివిగా ఉన్నందున ఈ పొరపాటు ఎందరికో జరుగుతున్నది. దగ్గు పోలేదు. రెండవ వైద్యుడు స్టెరాయిడు బిళ్లలును, వానితోపాటు అజథయోప్రిన్ అనే మందును ఇచ్చినాడు. పెద్దనాయనకు ఆకలి పెరిగినది, ముఖము నిండినది. మా పెద్దమ్మ దృష్టి తీసి, ‘తగ్గింది’ అన్నది. మేమును అట్లే అనుకొన్నాము.

ఆ రెండవ వైద్యుని మేమిప్పుడు నిందించము. ఆయన ఇచ్చినది అంతకుముందు లోకమంతటా ఇచ్చుచుండిన మందే. ఊపిరితిత్తి వాచి, ఆ వాపువలన గట్టిపడుతున్నదనియు, వాపును అణచితే జబ్బు అణగుననియు అందరును నమ్మినారు. అమెరికాలో ఆ నమ్మకమును పరీక్షకు పెట్టినారు. కొందరికి స్టెరాయిడు, అజథయోప్రిన్, ఎసిటైల్ సిస్టీన్ మూడును కలిపి ఇచ్చి, కొందరికి ఉత్త బిళ్లలు ఇచ్చి పోల్చినారు. మందులు తీసికొన్న వారిలో ఎనిమిదిమంది, ఉత్త బిళ్లలు తీసికొన్న వారిలో ఒక్కరు మరణించినారు. 2011లో ఆ మూడు మందుల చికిత్సను నడుమనే ఆపివేసి, 2012లో ఫలితములు ప్రకటించినారు. వాపును అణచుట ఈ జబ్బుకు మందు కాకపోగా, కీడు చేయునని తేలినది. ఆ వార్త అన్ని ఊళ్లకును ఒకే రోజున చేరదు గదా! మా ఊరికి ఆలస్యముగా చేరినది.

2013లో పెద్దనాయనను పూనాకు తీసికొనిపోయినాము. అక్కడి వైద్యురాలు మొదట ఆయన చేతి వ్రేళ్లు చూచినది. గోళ్లు గుండ్రముగా ఉబ్బి, వ్రేలి కొనలు డమరుపుల్లలవలె లావెక్కి ఉండినవి. మేము రోజును చూచుచుండియు చూడని సంగతి అది. తరువాత వీపు మీద గొట్టము పెట్టి వినినది. చెప్పుల మీది వెల్క్రో పట్టీని విప్పునప్పుడు వచ్చే చరచర ధ్వని ఊపిరి పీల్చినప్పుడెల్ల అడుగున వినబడుతున్నదని మాకు చెప్పినది. సీటీ చిత్రములో ఊపిరితిత్తి అడుగు భాగము తేనెపట్టువలె గదులు గదులుగా కనబడినది. జబ్బు పేరు ఇడియోపథిక్ పల్మనరీ ఫైబ్రోసిస్. కారణము తెలియకుండ ఊపిరితిత్తి పీచుకట్టుట అని దాని భావము. ముఖ్యముగా అరువదేండ్లు దాటిన వారికి వస్తుంది. పొగత్రాగిన వారికి ఇంకను ఎక్కువ. మందు లేకున్న యెడల రోగము తెలిసిన నాటినుండి సాధారణముగా మూడు మొదలు ఐదేండ్లని అప్పటి లెక్క.

నేతవారము గనుక ఆ సంగతి మాకు మగ్గము భాషలోనే బోధపడినది. బట్ట చిరిగితే రఫు చేయుదుము. శరీరమును అట్లే చేస్తుంది. గాయమైన చోట ఫైబ్రోబ్లాస్టులనే కణములు చేరి కొల్లాజెన్ అనే పీచును అల్లుతవి. వానిలో కొన్ని కండర కణములవలె బిగించే గుణమును పొంది గాయపు అంచులను దగ్గరకు లాగుతవి; ఈ కణములను 1971లో గాబియాని అనే శాస్త్రజ్ఞుడును, ఆయన తోడివారును వర్ణించినారు. పని ముగిసిన తరువాత ఆ కణములు తొలగిపోవలెను. పిన్న వయసులో అట్లే తొలగుతవి. వయసు పైబడిన కొలది ఆ తొలగుట మందగించును. గాలి తిత్తులకు లోపొరగా ఉండే కణములు ముసలివై, తమ్ము తాము పునరుద్ధరించుకొనలేక, చావకను బ్రతకకను ఉండి, ‘ఇంకను గాయమున్నది’ అనే సంకేతములను పంపుచుండును. టీజీఎఫ్-బీటా అనే ప్రోటీను వానిలో ముఖ్యమైనది. కొన్ని కుటుంబములలో కణముల వయసును కొలిచే టెలోమియర్ల కొనలు త్వరగా అరుగుటయే ఈ జబ్బుకు మూలమని 2007లో తెలిసినది. చిరుగు లేని చోట కూడ రఫు చేయుచు పోతే బట్ట ఏమగును? గంజి ఎక్కువైన పడుగువలె బిరుసెక్కును. ఊపిరితిత్తికి సాగుటయే పని. సాగని ఊపిరితిత్తి ఉండియు లేనట్లే.

ఇక మందు సంగతి. వైద్యురాలు మరాఠీలో చెప్పిన మాట మాకు ఇంకను చెవులలో ఉన్నది. ‘ఆజార్ బరా హోణార్ నాహీ, పణ్ వాఢ్ కమీ హోఈల్’ అన్నది. మరాఠీలో నయమగుటకు ఒక మాట, కొంచెమగుటకు వేరొక మాట. ఆ తల్లి రెండు మాటలను వేరుగా, స్పష్టముగా వాడినది. పెద్దమ్మకు ఆస్పత్రి మరాఠీ పట్టుబడదు. ‘ఏమన్నది బిడ్డా?’ అని మమ్ము అడిగినది. మేము, ‘జబ్బు పెరుగుడు తగ్గుతదట పెద్దమ్మా’ అన్నాము. ఆమె చెవికి చివరి మాట మాత్రమే తగిలినది. ఆమె కండ్లలో వెలుగు చూచి, మొదటి మాటను మేము తిరిగి చెప్పలేదు. మేము చేసిన తప్పు అదే. అబద్ధము ఆడలేదు, కాని మన భాషలోని ఒక సౌకర్యము వెనుక దాగుకొన్నాము.

ఆ మందు పేరు పిర్ఫెనిడోన్. 2008లో జపానులోను, 2010లో మన దేశములోను, 2011లో ఐరోపాలోను, 2014లో అమెరికాలోను వాడుకకు వచ్చినది. అది పీచు అల్లే కణముల వేగమును మందగింపజేస్తుంది. 2014లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో 555 మంది పాల్గొన్నారు. ఏడాది గడుచునప్పటికి ఊపిరి సామర్థ్యము బాగుగా పడిపోయిన వారు లేక మరణించిన వారు ఉత్త బిళ్లలు తీసికొన్న వారిలో నూటికి 32 మంది వరకు ఉండగా, మందు తీసికొన్న వారిలో 17 మంది లోపే ఉన్నారు. అదే ఏడు నింటెడానిబ్ అనే రెండవ మందు అమెరికాలో అనుమతి పొందినది. దానిని మొదట కాన్సరు కొరకు వెదకి తయారు చేసినారు. కణములు పెరుగుమని వచ్చే మూడు తరహాల ఆజ్ఞలను అది అడ్డగించును. మందు లేని వారికి ఏడాదిలో ఊపిరి సామర్థ్యము సుమారు 240 మిల్లీలీటర్లు పోగా, ఈ మందుతో సుమారు 115 పోయినది. ఆరోగ్యవంతునికి వృద్ధాప్యములో ఏటా పోయేది ముప్పది మిల్లీలీటర్ల ప్రాంతము. అనగా మందు వేసికొన్నను నష్టము ఆగదు, సగమగును. ఆ సగములో ఏమున్నదో వేసికొన్నవారికే తెలియును.

పెద్దనాయనకు పిర్ఫెనిడోన్ మొదలైనది. రోజుకు మూడు పూటలు, కడుపునిండ తిని వేసికొనవలెను. తినుటయే కష్టమైనది, ఆ మందు ఆకలిని చంపును, వికారము పుట్టించును. ఎండ తగిలితే చర్మము కందిపోవును. షోలాపూరు ఎండ సంగతి చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు. 2014 శ్రావణ పౌర్ణమినాడు పొడుగు చేతుల చొక్కా తొడిగి, గొడుగు పట్టుకొని, రథము వెంట నాలుగు వీధులు నడిచినాడు. మరుసటి ఏడు రెండు వీధులు. 2016లో రథము మా సందు మొగకు వచ్చువరకు కుర్చీలో కూర్చుండి ఎదురుచూచినాడు. మందు ఖర్చు నెలకు ఒక మగ్గము సంపాదనను తినివేయుచుండినది. నెల నెల మందు తెచ్చినప్పుడెల్ల పెద్దమ్మ, ‘తగ్గిందా?’ అని అడిగేది. మేము, ‘ఉన్నకాడనే ఉన్నది’ అనేవారము. అదియును పూర్తిగ నిజము కాదు.

ఆ ఏడు దీపావళి ముందు ఒకనాటి రాత్రి పెద్దనాయన మందు బిళ్లలను చేతిలో పట్టుకొని మమ్ము పిలిచినాడు. ‘మూడేండ్ల సంది మింగుతున్న. అన్నం సయిస్తలేదు. మగ్గం పైసలన్నీ దీనికే పోతున్నయి. నిజం చెప్పుండ్రి, ఇది తగ్గుతదా, తగ్గదా?’ అని అడిగినాడు. పెద్దమ్మ పక్కనే ఉన్నది. ఆనాడు మేము రెండర్థములను విడదీసి చెప్పినాము. జబ్బు పోదు. ఊపిరితిత్తిలో కట్టిన పీచు కరగదు. ఈ బిళ్ల వలన అది కట్టే వేగము మాత్రమే తగ్గును. మందు వేసికొన్న మనిషికిని, వేసికొనని మనిషికిని నడుమ భేదమును అతడు స్వయముగా చూడలేడు. వేసికొనకున్న తాను ఎట్లుండునో తనకు కనబడదు గనుక. మానివేయుట కూడ ఆయన ఇష్టమే అని చెప్పినాము. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డము పెట్టుకొని లోపలికి పోయినది.

పెద్దనాయన చాలసేపు మాటాడలేదు. తరువాత, ‘మార్కండేయునికి పదహారేండ్లే అని తెలిసినంకనే గద శివుని పట్టుకున్నడు. తెల్వకపోతే ఆడుకుంటనే ఉండు. మూడేండ్ల కిందనే చెప్పవలసి ఉండె’ అన్నాడు. ఆ మాటకు మా వద్ద బదులు లేదు, నేటికిని లేదు.

ఆ మరునాటినుండి ఆయన చేసిన పనులు చూచిన తరువాత, నిజము మనిషిని కుంగదీయునని మేము భయపడుట ఎంత తెలివితక్కువయో తెలిసినది. వైద్యురాలితో మాటాడి మందు మోతాదును కొంత తగ్గించుకొని, తినగలిగినంత తిని, మానక వేసికొన్నాడు. ‘ఎదురు దొరికిన దినాలు వద్దనొద్దు’ అన్నాడు. మగ్గముల లెక్కలు కుమారునికి అప్పగించినాడు. రావలసిన బాకీలు, ఈయవలసిన బాకీలు ఒక పుస్తకములో తెలుగున వ్రాయించినాడు. పెద్దమ్మ పేర బాంకులో ఖాతా తెరిపించి, ఆమెకు సంతకము నేర్పినాడు. ఇంటికి ప్రాణవాయువు యంత్రము వచ్చిన తరువాత కూడ దాని గొట్టము పొడుగు చాలినంత దూరము వాకిట నడిచేవాడు. 2018 కార్తిక మాసములో పోయినాడు. రోగము తెలిసిన నాటినుండి ఐదేండ్లు. అందులో మూడేండ్లు మా మౌనమునకు పోయినవి, రెండేండ్లు ఆయనవి.

ఆయన పోయిన తరువాత ఈ విషయములో వచ్చిన ప్రతి వార్తను మేము శ్రద్ధగా చదువుచున్నాము. చదువరులకు ఉపయోగపడునని వాని సారమును చెప్పుచున్నాము. వృద్ధాప్యములో పీచుకట్టేది ఊపిరితిత్తి ఒక్కటే కాదు; కాలేయము, మూత్రపిండము, గుండె కూడ. అన్నిటికంటె ఉదారమైనది కాలేయము. హెపటైటిస్-సి క్రిమిని పూర్తిగా తొలగించే బిళ్లలు వచ్చిన తరువాత, గట్టిపడిన కాలేయములు కొన్ని ఏండ్లలో మరల మెత్తబడుట వైద్యులు చూచినారు. కొవ్వు పట్టి పీచుకట్టిన కాలేయమునకు 2024లో రెస్మెటిరోమ్, 2025లో సెమాగ్లుటైడ్ అమెరికాలో అనుమతి పొందినవి. మధుమేహమువలన చెడిన మూత్రపిండమునకు 2021లో ఫినెరినోన్ వచ్చినది. కట్టిన పీచు ఎన్నటికిని కరగదనే మాట అన్ని అవయవములకు వర్తించదని వీనివలన తెలియుచున్నది.

ఊపిరితిత్తి మాత్రము లోభి. 2014 తరువాత పదకొండేండ్లు దీనికి క్రొత్త మందు రాలేదు. వెదకక కాదు. జిరిటాక్సెస్టాట్ అనే మందు పరీక్షను 2021లో ఆపివేసినారు. పామ్రెవ్లుమాబ్ 2023లో విఫలమైనది. బెక్సోటెగ్రాస్ట్ పరీక్ష 2025లో ఆగిపోయినది. ఇవన్నియు మొదట ఆశ పెట్టినవే. ఎలుకల ఊపిరితిత్తులను ఒక మందుతో గాయపరచి పీచుకట్టించి పరీక్షించుట ప్రయోగశాలల పద్ధతి; కాని పిన్న వయసు ఎలుకలలో ఆ పీచు చాలవరకు తనంతట తానే పోవును. అరువదేండ్ల మనిషి ఊపిరితిత్తి ఎలుకది కాదు. 2025 అక్టోబరులో నెరాండోమిలాస్ట్ అనే బిళ్ల అమెరికాలో అనుమతి పొందినది. 1177 మందిపై జరిగిన పరీక్షలో అదియును నష్టపు వేగమునే తగ్గించినది, ఆపలేదు. అయినను పదకొండేండ్ల తరువాత తెరచుకొన్న తలుపు గనుక సంతోషించదగినదే.

ముసలి కణములనే ఏరివేయవలెననే ఆలోచన వేరొకటి ఉన్నది. డాసటినిబ్ అనే కాన్సరు మందును, ఉల్లిపాయలలో ఉండే క్వెర్సెటిన్‌ను కలిపి 14 మంది రోగులకు ఇచ్చి చూచిన ఫలితములు 2019లో వచ్చినవి. వారి నడక కొంత మెరుగైనది. కాని పోల్చుటకు ఉత్త బిళ్లల వారు లేనందున దానిని నమ్ముటకు వీలులేదు. ఉల్లిపాయలు తింటే పోవునని ఎవరైన చెప్పితే వినవద్దు. కంప్యూటరు బుద్ధితో కనుగొన్న రెంటోసెర్టిబ్ అనే మందును చైనాలో 71 మందిపై పరీక్షించినారు. పన్నెండు వారములలో పెద్ద మోతాదు వేసికొన్నవారి ఊపిరి సామర్థ్యము సుమారు 98 మిల్లీలీటర్లు పెరిగినట్లు 2025లో ప్రకటించినారు. తగ్గుట కాదు, పెరుగుట! ఆ అంకె చదివినప్పుడు మా చేయి వణకినది. కాని మనుషులు కొద్దిమంది, కాలము కొద్ది. పెద్ద పరీక్ష జరిగినగాని ఏదియు చెప్పరాదు. ఆశపడుట వేరు, మాట ఇచ్చుట వేరు. ఈ భేదమును మేము ఖరీదు పెట్టి కొన్నాము.

చివరగా కొన్ని మనవులు. నెలల తరబడి పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసము, వ్రేలి కొనలు ఉబ్బుట ఉన్నయెడల వయసు మీదనో దుమ్ము మీదనో నెట్టక, ఊపిరితిత్తుల నిపుణునికి చూపవలెను. పీచుకట్టే జబ్బులన్నియు ఒకటి కావు. మన దేశములో 27 ఆస్పత్రులలో 1084 మందిని పరిశీలించి 2017లో ప్రకటించిన లెక్కలో, సగమునకు కొంచెము తక్కువమందికి పీల్చిన గాలిలోని పదార్థములు సరిపడక వచ్చిన జబ్బే ఉన్నట్లు తేలినది. అట్టివారిలో దాదాపు సగమందికి ఇంట ఎయిర్ కూలరు ఉన్నది. పావురముల వంటి పక్షుల వలన వచ్చినవారును ఉన్నారు. ఆ జబ్బులో కారణమును తొలగించుటయే మొదటి మందు, స్టెరాయిడ్లు కూడ పనిచేయవచ్చును. అందుచేత ఏ జబ్బో తేల్చుకొనక ఒకరి మందు వేరొకరు వేసికొనరాదు. వేసికొనుచున్న స్టెరాయిడును వైద్యునికి చెప్పక ఒక్కసారిగా ఆపరాదు. కూలరు తడికెలను శుభ్రము చేయుటకు, బాల్కనీలో పావురముల గూళ్లు తీసివేయుటకు మాత్రము ఎవరి చీటీయు అక్కరలేదు.

ఇక పరభాషా ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములకు ప్రత్యేకముగా ఒక మాట. ఆస్పత్రిలో వైద్యుని మాట మరాఠీలోనో, కన్నడములోనో, అరవములోనో, ఒరియాలోనో వినబడును. దానిని ఇంటి పెద్దలకు తెలుగులో చెప్పే భారము నడుమ తరము వారిది. ఆ భారమును మోయునప్పుడు మెత్తని మాటను ఎన్నుకొనుట తప్పు కాదు. మెత్తదనము కొరకు అర్థమును విడుచుట తప్పు. ‘తగ్గుతుందా?’ అని మీ ఇంట ఎవరైన అడిగినప్పుడు, ఏది తగ్గునో, ఎంత తగ్గునో, ఏది తగ్గదో మూడును చెప్పండి. వినువారు మనము తలచినంత బలహీనులు కారు.

మొన్న శ్రావణ పౌర్ణమికి రథము మా సందు మొగకు వచ్చినప్పుడు పెద్దమ్మ అరుగు మీదనుండి చేతులు జోడించినది. పక్కింటి ముసలమ్మ, మీ మరిదికి ఒంట్లో తగ్గిందా అని అడిగితే, ‘జ్వరం పోయింది, దగ్గు కొంచెం ఉన్నది’ అని చెప్పినది. ఆమె ఇప్పుడు ఆ ఒక్క మాటను రెండుగా చేసి వాడుతున్నది.